సిద్ధాపురం చెరువుకు ఇరవై ఏడు మంది

“ఇరవై ఏడు,” అన్నాడు మునిరత్నం, కాగితం మీద పెన్సిలు మొన ఆనించి. “ముందు వాకిట్లో అద్దెకుండే సూపర్నెంటుగారోళ్ళను కలుపుకుంటే ఇరవై ఏడు మంది. చంకబిడ్డలను లెక్క పెట్టల్యా.”

సుందరలక్ష్మి చారు గిన్నె పట్టుకుని వరుస మధ్యలో ఆగిపోయింది. మధ్యసాలలో విస్తళ్ళ ముందు కూర్చున్న తొమ్మిది మందీ అన్నంలో గుంటలు చేసుకుని చారు కోసం ఎదురు చూస్తున్నారు. ఆ తొమ్మిది మందిలో ఆమె భర్త రామకోటయ్య కూడా ఉన్నాడు. ఆయన తలెత్తలేదు.

“ఏం ఇరవై ఏడన్నా?” అని అడిగింది.

“చెరువుకమ్మా, సిద్ధాపురానికి. శనివారం పొద్దున పయనం. లారీ కూడా మాట్లాడినా. ఇంత మంది, ఇన్ని పాత్రలు, బస్సులో పట్టవు కదా.”

మునిరత్నం రామకోటయ్యకు మేనత్త కొడుకు. ఏదో పర్మిట్టు పని మీద కడప నుంచి సెక్రటేరియట్టుకు వచ్చాడు. రెండు రోజుల్లో పోతానని వచ్చి ఇరవై రెండు రోజులైంది. మంచివాడే. తిండి గురించి మాట్లాడేటప్పుడు ఇంకా మంచివాడు.

“లారీ,” అంది సుందరలక్ష్మి. తొమ్మిది విస్తళ్ళలోనూ చారు పోసి లోపలికి వెళ్ళిపోయింది.

కిందటి శుక్రవారం ఇదే వేళకు ఆమె పొయ్యి ముందు కూలబడిపోయిన సంగతి వాళ్ళందరికీ తెలుసు. వాళ్ళే పట్టుకుని మంచం మీదికి చేర్చారు. డాక్టరు వచ్చి కింది రెప్ప లాగి చూసి ఒంట్లో నెత్తురు లేదన్నాడు. నాలుగు రోజులు పొయ్యి ముఖం చూడకూడదు, గాలి మార్పు కావాలి అని చెప్పి పోయాడు. ఆ సాయంత్రం రామకోటయ్య మంచం పట్టె మీద కూర్చుని, ముప్పై ఏళ్ళ కాపురంలో ఎన్నడూ లేనంత మెత్తగా మాట్లాడాడు. సిద్ధాపురం పోదామన్నాడు. నువ్వూ నేనూ తప్ప మూడో మనిషి వద్దన్నాడు. చెరువు పక్కన పెద్ద ఈరన్న తోటలో పూరి కొట్టం ఉందనీ, శూన్యమాసం కాబట్టి తన గుడ్డల అంగట్లో బేరాలు లేవనీ, నాలుగు రోజులు నీళ్ళు చూస్తూ ఊరికే కూర్చుందామనీ అన్నాడు.

ఆ మాట పట్టుకుని ఆమె ఈ ఆరు రోజులూ నిలబడింది. నిలబడింది అంటే నిజంగానే నిలబడింది. మూడో రోజుకే మంచం దిగి మళ్ళీ పొయ్యి దగ్గరికి రావలసి వచ్చింది. కూతుళ్ళిద్దరూ అత్తవారిళ్ళలో ఉన్నారు. వంటమనిషిని పెట్టుకుంటే మడి చెడుతుందని అత్తగారు రాజ్యలక్ష్మమ్మ ఒప్పుకోదు.

కర్నూలు రాజధాని అయి రెండేళ్ళు దాటింది. గొప్పగొప్ప ఆఫీసర్లు డేరాల్లో కాపురాలు చేశారు. ఊళ్ళో ప్రతి ఇంటి ముందు భాగమూ అద్దెకు పోయింది. అద్దెకు ఇల్లు దొరకనివాళ్ళూ, అద్దెకు తీసుకునేటంత పని లేనివాళ్ళూ రామకోటయ్య ఇంటికి వచ్చారు. బదిలీల కోసం వచ్చినవాళ్ళు, పర్మిట్ల కోసం వచ్చినవాళ్ళు, మంత్రిగారిని దూరం నుంచి చూసిపోదామని వచ్చినవాళ్ళు, అందరూ ఏదో ఒక వరసకు బంధువులే. రాజధాని హైదరాబాదుకు పోతుందట అని పేపర్లో పడినప్పుడు ఊరంతా దిగులు పడింది. సుందరలక్ష్మి మాత్రం ఆ రోజు దేవుడి ముందు రెండు వత్తులు ఎక్కువ వేసింది. ఎందుకని ఎవరికీ చెప్పలేదు.

భోజనాలయ్యాక రామకోటయ్య చేతులు తుడుచుకుంటూ వంటింటి గడప దగ్గరికి వచ్చాడు. సుందరలక్ష్మి అడుగంటిన పప్పు గిన్నెలో నీళ్ళు పోస్తోంది.

“కోపమా?” అన్నాడు.

“కోపం చేసుకునే ఓపిక యాడుండాది నాకు?”

“నేను ఎవర్నీ పిలువల్యా. నిజంగా చెప్తాండా. పయనం మాట వచ్చింది, ఎదురుగా మనిషి కూర్చోని ఉండాడు. మీరూ రండి అనకుండా ఎట్లుంటాం? మాటవరసకు అన్నా.”

“ఎంతమందితో అన్నారు?”

ఆయన తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకున్నాడు.

షావుకారు ఇళ్ళలో అదొక మర్యాద. ప్రయాణం మాట ఎత్తితే ఎదుటివాణ్ణి రమ్మనాలి. భోజనానికి లేస్తే ఎదుటివాణ్ణి లెమ్మనాలి. ఎదుటివాడేమో, మీరు పోయి రండి, మాకు పనులున్నాయి అనాలి. రామకోటయ్య తాత అట్లాగే బతికాడు, తండ్రి అట్లాగే బతికాడు. ఇద్దరి మర్యాదా దక్కేది, ఎవరి అన్నం వాళ్ళు తినేవాళ్ళు. రాజధానితో పాటు ఊళ్ళోకి దిగినవాళ్ళకు ఈ మర్యాదలో రెండో సగం తెలియదని ఆ మహానుభావుడికి రెండేళ్ళయినా తట్టలేదు.

“మీరు రండి అంటే రాము అన్నోళ్ళు ఈ రెండేండ్లలో ఒక్కరన్నా ఉండారా?” అంది సుందరలక్ష్మి.

“సూపర్నెంటుగారు పెద్దమనిషి. వద్దంటాడనుకుంటి.”

“ఆయన భార్య నిన్ననే చెరువు కాడికి కట్టుకునే చీర తీసి నాకు చూపించింది. ఎందుకు చూపిస్తాందో నాకు అర్థం కాల్యా.”

రామకోటయ్య గడప చెక్క మీద వేలితో గీస్తూ నిలబడ్డాడు. తప్పు చేసినప్పుడు ఆయన ముఖం పసివాడి ముఖంలా అయిపోతుంది. ఆ ముఖం చూసి ముప్పై ఏళ్ళుగా ఆమె చల్లబడుతూ వచ్చింది. ఈ రోజు అటు చూడలేదు.

“ఇప్పుడు వద్దని ఎట్ల చెప్పేది? నోట్లో నుంచి మాట పోయినాక?”

“నాకు చెప్పిన మాట కూడా మీ నోట్లో నుంచే వచ్చింది.”

మధ్యసాలలో మునిరత్నం ఎవరికో చెరువు చేపల గురించి చెప్పబోయి, ఇది శాకాహారుల ఇల్లని గుర్తొచ్చి, తామర దుంపల్లోకి మాట మార్చాడు.

“ఆడ నీకు పనేముంటుంది?” అన్నాడు రామకోటయ్య గొంతు తగ్గించి. “తలా ఒక చెయ్యి వేస్తారు. నీడుంటుంది, నీళ్ళుంటాయి. ఇంకేం కావల్ల?”

“పొయ్యి కూడా ఉంటుంది. నేను దాని ముందర ఉంటా. చెరువు నా వీపు వెనకాల ఉంటాది. ఆడికొచ్చి నేను చూసేదేముంది? పొయ్యి ఈడ కూడా ఉండాది కదా.”

ఆయన ఇంకేదో అనబోయాడు. అంగట్లోంచి పిలుపు వచ్చింది. పిలుపు వచ్చినందుకు ఆయన సంతోషించాడని వెనక్కి తిరిగిన తీరులోనే తెలిసింది.

సుందరలక్ష్మి సిద్ధాపురం చూసింది ఒక్కసారే. పదకొండేళ్ళ కిందట శ్రీశైలం నుంచి వస్తుంటే ఆత్మకూరు దాటక ముందే బండి ఇరుసు విరిగింది. కొత్త ఇరుసు వచ్చేదాకా ఒక పూట పెద్ద ఈరన్న తోటలో ఉన్నారు. తాతల నాటి నుంచి పెళ్ళి గుడ్డలు రామకోటయ్య అంగట్లోనే కొనే కుటుంబం అది. మగవాళ్ళు ఇరుసు కోసం పోయారు. ఎదురుగా కనుచూపు మేర నీళ్ళు, ఆ పక్కన నల్లమల కొండలు. ఈరన్న భార్య సుంకులమ్మ పచ్చి జొన్న కంకులు నిప్పుల మీద కాల్చి, వేడివేడిగా నలిపి, ఊచబియ్యం దోసిట్లో పోసింది. ఆ తర్వాత పెనం పెట్టి జొన్నరొట్టె తట్టింది. పొంగిన రొట్టె మీద ఇంత వెన్నపూస, పక్కన చెనక్కాయల కారం. సుందరలక్ష్మి తింటూ ఉంటే సుంకులమ్మ నిలబడి, “ఇంగొకటి కాల్చేదా అక్కా?” అని అడిగింది.

ఆమెకు కళ్ళ నీళ్ళు వచ్చాయి. కారం ఎక్కువైందేమోనని సుంకులమ్మ కంగారు పడింది. కారం కాదు. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఆమెను కూర్చోబెట్టి, ఇంకొకటి పెట్టనా అని అడిగిన మనిషి లేదు. అందరూ తిన్నాక, చల్లారింది, మిగిలింది, వంటింట్లో గోడకు ఆనుకుని తినడమే అలవాటు. ఆమెకు ఇప్పుడు కావలసింది కూడా అంతే. నాలుగు రోజులు, నీళ్ళ పక్కన, వేరొకరు కాల్చిన వేడి రొట్టె. ఇది అడగరాని కోరికని ఆమెకు ఎంత ఆలోచించినా అనిపించలేదు.

దీపాలు పెట్టే వేళకు పంచలో సభ తీరింది. మునిరత్నం కాగితం రెండో వైపు కూడా నిండిపోయింది. ముందు వాకిట్లో ఉండే సూపర్నెంటుగారి భార్య కుర్చీ తెచ్చుకుని కూర్చుంది. ఆమెది కోస్తా వైపు. రాజ్యలక్ష్మమ్మ గోడవార చాప మీద మోకాళ్ళకు ఆముదం రాసుకుంటూ అన్నీ వింటోంది. డెబ్భై ఏళ్ళ మనిషి, మాట తక్కువ. ఆమె మాట్లాడితే ఆ ఇంట్లో అది తీర్పు.

“చిత్రాన్నం, అలసంద వడలు, గుత్తి వంకాయ,” అని చదువుతున్నాడు మునిరత్నం. “పెరుగన్నంలోకి మాగాయ. ఉగ్గాని పొద్దున పలహారానికి. ఏమత్తా, సరిపోతుందా?”

“పొయ్యిలు ఎన్ని తవ్వల్ల?” అంది రాజ్యలక్ష్మమ్మ.

“మూడు చాలు.”

పెద్ద ఈరన్న తమ్ముడు సోమన్న అప్పుడే ఆత్మకూరు బస్సు దిగి వచ్చాడు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని మెట్టు కింద నిలబడ్డాడు.

“మాయన్న చెప్పి రమ్మన్నాడు శెట్టీ,” అన్నాడు రామకోటయ్యతో. “కొట్టం అలికించినాము. ఇంతమంది వస్తాండారని తెలిసి చెట్ల కింద పందిరి కూడా ఏపిస్తాండాడు. ఆత్మకూరు నుంచి సన్నబియ్యం తెప్పించినాడు, రెండు మూటలు.”

“బియ్యమెందుకప్పా? మేము తెస్తాము కదా.”

“మీ అట్లాంటోళ్ళు మా ఊరికి వస్తే ఇంట్లో వరిబియ్యం కూడా లేకుండానా? జొన్నరొట్టెలు మీ కంటికి కనపడితేనే మా వదినకు సిగ్గంట. పెనం ఎత్తి అటక మీద పెట్టేసింది.”

ఆ మాటతో సుందరలక్ష్మికి లోపల ఏదో తెగింది. ఇరవై ఏడు మందిని భరించవచ్చు, లారీని భరించవచ్చు, మూడు పొయ్యిల ముందు కూర్చోవచ్చు. చివరికి ఆ రొట్టె కూడా లేకపోతే ఆమె దేనికి పోతున్నట్టు?

“సోమన్నా,” అంది వాకిలి పక్క నుంచి. “పెనం దించమని చెప్పప్పా మీ వదినకు. నాకు రొట్టెలే కావల్ల. ఆమె కాల్చినవే.”

మునిరత్నం పెన్సిలు కాగితం మీది నుంచి లేచింది.

“ఏమంటివి?” అంది రాజ్యలక్ష్మమ్మ.

“రొట్టె, అత్తా. జొన్నరొట్టె.”

“జొన్నలు మనింట్లో లేవా? కావల్లంటే కాల్చుకో. ఈరన్న మంచోడే, కాదనను. అంతమాత్రాన ఈ ఇంటి కోడలు ఇంగొకరి పొయ్యి మీద కాల్చింది తింటుందా? మన వంట మనము చేసుకుంటాము.”

“సోమన్న నిలబడి ఉండాడత్తా.”

“ఉండనీ. పద్ధతి వాళ్ళకూ తెలుసు.”

సోమన్న తలగుడ్డ వైపే చూస్తూ, “నిజమేనమ్మా, పెద్దమ్మ చెప్పేది,” అన్నాడు మెల్లగా. అతను ఆ మాట అనకుండా ఉంటే బాగుండునని సుందరలక్ష్మికి అనిపించింది. రామకోటయ్య గొంతు సవరించుకున్నాడు. మాట్లాడతాడేమోనని ఆమె చూసింది. ఆయన సోమన్నను మజ్జిగ తాగమన్నాడు.

“ఓళిగలు మాత్రం సుందరలక్ష్మిగారే చెయ్యాలండీ,” అంది సూపర్నెంటుగారి భార్య, మాట మళ్ళిద్దామని. “మా వైపు బొబ్బట్లంటాం. ఎంత చేసినా ఈవిడ చేతి మెత్తదనం రాదు.”

“మనిషికి నాలుగు వేసుకుంటే,” అని మునిరత్నం పెన్సిలు తడి చేసుకున్నాడు. “నూట ఎనిమిది. చూస్తివా, దేవుడి సంఖ్య వచ్చింది.”

అందరూ నవ్వారు. సుందరలక్ష్మి పప్పు డబ్బా ఎక్కడుందో చూడటానికి లోపలికి పోయింది.

శుక్రవారం తెల్లవారింది. నూట ఎనిమిది ఓళిగలకు శనగపప్పు ఆ పొద్దునే ఉడకాలి. సుందరలక్ష్మి తలకు నీళ్ళు పోసుకుని, తడి జుట్టు ముడి వేసుకుని వంటింటి గడప దాకా వచ్చింది. గడప దాటడానికి కాలు ఎత్తింది. కాలు లోపలికి పోలేదు. నొప్పి లేదు, తల తిరగడం లేదు. పోబుద్ధి కాలేదు, అంతే.

కాసేపు అట్లాగే నిలబడింది. తర్వాత వెనక్కి తిరిగి పెరట్లోకి వచ్చింది. పెరటి చివర, బావికి అవతల ఒక చిన్న గది ఉంది. గదిలో ఒక చాప, ఒక చెంబు, ఒక కంచం తప్ప ఏమీ ఉండవు. ఆమె చాప విప్పుకుని కూర్చుంది.

అంట్లు తోమడానికి వచ్చిన ఈరక్క చీపురు పట్టుకుని ఆగిపోయింది. “ఏమ్మా, ఈడ కూర్చుంటివి?”

“దూరముండా ఈరక్కా. లోపల చెప్పు.”

నెలకు మూడు రోజులు ఆడది ఇంటి పనికి దూరంగా, ఎవరినీ తాకకుండా ఆ గదిలో కూర్చోవడం ఆ ఇంటి ఆచారం. వయసులో ఉన్నప్పుడు సుందరలక్ష్మికి ఆ గదంటే అసహ్యం. తర్వాత తర్వాత ఆ మూడు రోజుల కోసమే నెల గడిపింది. ఎవరూ పిలవరు, ఎవరూ ఏదీ అడగరు. ఏడాదిన్నర కిందట నలభై ఆరేళ్ళకే ఆ మూడు రోజులు కూడా ఆగిపోయాయి. సరిగ్గా ఇల్లు సత్రమైన కాలంలోనే ఆ ఒక్క విశ్రాంతీ పోయింది. ఆగిపోయిందని ఇంట్లో తెలిసిన మనిషి ఒక్కతే ఉంది. అది అత్తగారు.

ఇంతకాలం కాపురంలో సుందరలక్ష్మి చెప్పిన పెద్ద అబద్ధం ఇదే. చెప్పాక భయం వేసింది. అబద్ధమని తేలితే మడి విషయంలో అబద్ధమాడిన కోడలు అవుతుంది. ఆ మచ్చ ఇక చెరగదు.

లోపల గోల మొదలైంది. పొయ్యి వెలగలేదు. కాఫీ ఏదని మునిరత్నం రెండుసార్లు అడగడం పెరట్లోకి వినబడింది. కాసేపటికి రాజ్యలక్ష్మమ్మ గోడ పట్టుకుని మెల్లగా వచ్చింది. గదికి మూడు బారల అవతల ఆగింది.

“ఎప్పుడు?”

“ఈ పొద్దేనత్తా.”

ముసలామె కోడలి ముఖంలోకి చూసింది. సుందరలక్ష్మి తల దించుకుంది. అబద్ధం చెప్పినప్పుడు ఇంతసేపు ఎవరూ చూడకూడదు.

రామకోటయ్య అప్పుడే బావి దగ్గరికి వచ్చి, అంతకు ఇవతలికి రాకూడదు కాబట్టి అక్కడే నిలబడ్డాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది. పెళ్ళాం కోసం ఒక మంచి పని చేసిన మగవాడి ముఖం అది.

“నువ్వేమీ బాధపడొద్దు,” అన్నాడు. “పయనం వచ్చే శనివారానికి జరిపినా. అందరికీ చెప్పినా. నువ్వు లేకుండా మేమెట్ల పోతాము? లారీ వానికి కూడా మనిషిని పంపించినా.”

సుందరలక్ష్మికి నవ్వు వచ్చింది. నవ్వుతో పాటే ఏడుపు వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన మనసు నిజంగా మంచిదే, ఆ మంచితనమే ఆమెను ఎన్నడూ తెరిపిన పడనివ్వలేదు. మూడు రోజులు గడుస్తాయి. ఇరవై ఏడు మందీ ఇక్కడే ఉంటారు. వచ్చే శనివారం అదే లారీ, అవే నూట ఎనిమిది. ఆ గదిలోకి రెండోసారి రావడానికి దారి ఉండదు.

“జరిపేది లేదు,” అంది రాజ్యలక్ష్మమ్మ.

“ఏందమ్మా?”

“ఇంటి నిండా జనముండారు. ఉండేది ఒకటే బావి. సూపర్నెంటు తల్లి పొద్దు పొడిచింది మొదలు తడిగుడ్డతో మడి మడి అని తిరుగుతాంది. దూరమున్న మనిషిని ఈ గుంపులో యాడ పెట్టుకునేది? పంపించు.”

“యాడికి?”

“సిద్ధాపురానికి. సోమన్న పది గంటల బస్సుకు పోతాండాడు కదా. తోడు ఈరక్క పోతాది.”

రామకోటయ్య తల్లి వైపు, గది వైపు మార్చి మార్చి చూశాడు. “బస్సులో పది మందిని తాకకుండా ఎట్లమ్మా?”

“బస్సెక్కినోళ్ళ ఇంటి సంగతులు కండక్టరు అడుగుతాడా?”

“అయితే నేనూ...”

“దూరమున్న మనిషి పక్కన నువ్వు కూర్చుంటావా? ఈ ఇంట్లో పద్ధతి ఉండాదా, పోయిందా?”

పద్ధతి పేరు చెప్పి ఆయనను గెలిచినవాళ్ళు ఇంతవరకూ ఆ ఇంట్లో రాజ్యలక్ష్మమ్మ ఒక్కతే.

“మరి పయనానికని వచ్చినోళ్ళంతా?”

“ఈడనే ఉంటారు. ఇన్నినాళ్ళు ఉండల్యా? చెరువు ఎండిపోదు, రాజధాని పోయినాక తీరిగ్గా చూస్తారు. పో, జట్కా పిలిపించు.”

రామకోటయ్య రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. “నాలుగు నాళ్ళేనా?” అని అడిగాడు సుందరలక్ష్మిని. ఆ గొంతులో కోపం లేదు, కొంచెం భయం ఉంది. ఆమె లేకుండా ఆ ఇంట్లో ఆయన ఒక్క రోజు కూడా ఉన్నది లేదు. “నాలుగు నాళ్ళే,” అంది ఆమె. ఆయన వెళ్ళిపోయాడు.

అత్తాకోడళ్ళు మిగిలారు. ముసలామె మూడు బారల దూరం మూడు బారలుగానే పాటిస్తూ నిలబడింది.

“అత్తా, మీకు తెలుసు.”

“నాకేం తెలుసు?”

“నేను...”

“చెప్పొద్దు. నువ్వు చెప్తే నేను వినల్ల. వింటే నిన్ను పంపేదానికి కాదు.” ఆమె గోడకు వీపు ఆనించింది. “మీ మామ పోయేనాటికి నాకు యాభై నాలుగేండ్లు. ఆ నెల దాకా నేను ఈ గదిలో మూడేసి నాళ్ళు కూర్చుంటి. తప్పకుండా, నెలనెలా.”

సుందరలక్ష్మి తలెత్తింది.

“ఆయన ఒక్కసారన్నా అడగల్యా. మగోళ్ళు ఏండ్లు లెక్క పెట్టుకోరు,” అంది రాజ్యలక్ష్మమ్మ. “ఆయన పోయినాక ఎవరి కోసం దూరముండల్ల? అప్పటినుంచి ఈ గదిలోకి రాల్యా.”

తను కాపురానికి వచ్చాక పద్నాలుగేళ్ళు ఆ మూడు రోజులు అత్తగారి పనంతా తన మీద పడిన సంగతి సుందరలక్ష్మికి గుర్తొచ్చింది. అందులో ఎన్ని నెలలు నిజమో, ఎన్ని కావో అడగాలనిపించింది. అడగలేదు. కోపం రావాలి, రాలేదు. ఆ మూడు రోజులూ ఈ మనిషి గోడ వైపు తిరిగి పడుకుని ఉండేది. అది నిద్ర అనుకుంది తను.

“నిన్న సోమన్న ముందర అట్ల అన్నాను,” అంది ముసలామె. “ఇంత మందిలో అనకపోతే ఎట్ల? దూరమున్నదానికి మడి లేదు, ఎవరి చేతిదైనా తినొచ్చు. పెనం దించమని సోమన్నకు చెప్పినా. వేడివేడిగా తిను.”

“వంట ఎవరు చేస్తారత్తా?”

రాజ్యలక్ష్మమ్మ గోడ పట్టుకుని లోపలికి నడిచింది.

జట్కా పక్క సందులోకి వచ్చి ఆగింది. ఈరక్క ముందే ఎక్కి మూట ఒళ్ళో పెట్టుకుంది. జీవితంలో బస్సెక్కడం ఆమెకు ఇదే మొదటిసారి. సోమన్న గుర్రం పక్కన నిలబడి ఉన్నాడు. సుందరలక్ష్మి పెరటి తలుపు తీసుకుని సందులోకి వచ్చింది. వంటింటి కిటికీ ఆ సందులోకే ఉంటుంది.

కిటికీలోంచి పొగ వస్తోంది. పచ్చి కట్టెల పొగ. ఎండు కట్టెలు ఏ మూలన ఉంటాయో అత్తగారికి తెలియదు. మోకాళ్ళ నొప్పులతో ఆమె పొయ్యి ముందు కూర్చుని నాలుగేళ్ళయింది. ఒకసారి కూర్చుంటే ఇద్దరు పట్టుకుంటే గానీ లేవలేదు. ఊదుగొట్టం చప్పుడు, ఆ వెంటనే దగ్గు వినబడ్డాయి. మధ్యసాలలో పీటలు వాలుస్తున్నారు. “అత్తా, ఎంతసేపు?” అంటున్నాడు మునిరత్నం.

“ఎక్కమ్మా, బస్సు పోతాది,” అన్నాడు సోమన్న.

సుందరలక్ష్మి జట్కా మెట్టు మీద కాలు పెట్టింది.

“ఏమే, చింతపండు యాడ పెట్టినావే?” అని వంటింట్లోంచి రాజ్యలక్ష్మమ్మ గొంతు వినిపించింది. తనే పంపిన మనిషిని, అలవాటు కొద్దీ, తనే పిలిచింది.

ఉప్పు జాడీ వెనక, కింది అరలో. జవాబు సుందరలక్ష్మి నోటి దాకా వచ్చింది. పలికితే దాని వెనక ఇంకొకటి అడుగుతుంది, చివరికి తను లోపలికి పోవాలి. పలకకపోతే ఆ మనిషి లేచి వెతుక్కోవాలి, లేవలేదు. ఆమె పెదవులు బిగించుకుని రెండో పిలుపు కోసం చూసింది.

రెండో పిలుపు రాలేదు. సందులో గుర్రం కాలు మార్చుకుంది. సుందరలక్ష్మి మెట్టు మీది కాలు దించలేదు, నేల మీది కాలు ఎత్తలేదు.